మ్యాటు అంచు లేని నేల

మా రిటైర్డ్ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన రోజూ పొద్దున్నే ఏదో ఒక స్ఫూర్తి కథ పంపుతాడు. మొన్న పంపినది అమెరికాలో బేస్‌బాల్ ఆడేవాళ్ళ గురించి. బంతి విసరడమే పనిగా ఉన్నవాళ్ళు కొందరు తమ మొదటి పెద్ద మ్యాచ్‌లో చితికిపోయారట. విసిరిన ప్రతి బంతినీ అవతలివాడు చావబాదాడట. తరవాత వాళ్ళే ఏళ్ళ తరబడి ఆడి గొప్ప పేరు తెచ్చుకున్నారట. దాని కింద గ్రూపులో సగంమంది దండం బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు.

ఆ కథలో మొదటి రోజు ఉంది, చివరి రోజు ఉంది. మధ్యలో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. ఓడినవాణ్ణి ఆ సాయంత్రం ఎవరు ఏమన్నారు, అన్నం దగ్గర పక్కన ఎవరు కూర్చోలేదు, అనవలసిన మాట ఎవరు అనకుండా ఊరుకున్నారు, ఇవేవీ లేవు. నాకు అవే గుర్తుంటాయి. మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ "మీకు మంచి తప్ప అన్నీ గుర్తే" అనేది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు కూడా ఇంట్లో లేరు. అందుకని, ఆట పేరు మీద కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఆ మధ్యలో జరిగే సంగతి రాస్తున్నాను.

నేను క్రీడాకారుల కోటాలో చేరాను. బౌలర్ని. కంపెనీ పేరు రాయను. రాస్తే వాళ్ళు నాకు ఉత్తరం రాస్తారు, నేను జవాబు రాస్తాను, ఇక అది తెగదు. ఇంతకు ముందు ఒకసారి అలా జరిగింది. విశాఖపట్నంలో పొగగొట్టం, సైరను, గేటు బయట టీ బడ్డీ ఉన్న కంపెనీలకు కొదవ లేదు కాబట్టి వాటిలో ఒకటి అనుకోండి. పొద్దున్న బొగ్గు మోసే బెల్టు దగ్గర డ్యూటీ, మధ్యాహ్నం నుంచి గ్రౌండు. బెల్టు దగ్గర నా తోటివాళ్ళకి నేనంటే గిట్టేది కాదు. నేను గ్రౌండుకి పోయిన గంటల్లో నా పని కూడా వాళ్ళే చెయ్యాలి కదా. అందులో వాళ్ళ తప్పేమీ లేదంటారు. నేను సగమే ఒప్పుకుంటాను.

మా గ్రౌండు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగిలింది అర్థం కాదు. ఇప్పటి పిల్లలు పచ్చిక పిచ్‌ల మీద నేర్చుకుంటున్నారు. మాకు అది లేదు. గట్టి ఎర్రమట్టి మీద కొబ్బరిపీచుతో నేసిన మ్యాటు పరిచి, చుట్టూ ఇనపమేకులు కొట్టి ఆడేవాళ్ళం. బౌలరు ముందుకాలి మడమ గీత దాటిపోతే ఆ బంతి చెల్లదు, నో బాల్. మా మ్యాటు సరిగ్గా ఆ గీత దగ్గరే మొదలయ్యేది. పరిగెత్తుకొచ్చి కాలు వేస్తే మడమ మట్టి మీద, వేళ్ళు మ్యాటు మీద పడాలి. కాన్వాసు బూటు అడుగున ఆ పీచు అంచు ఒత్తుకుంటే సరైన చోటే దిగానని అర్థం. కిందకి చూసే పని లేదు. చిన్నప్పుడు కంచరపాలెంలో రైలుపట్టాల పక్క స్థలంలో గోనెపట్టా పరిచి ఆడినప్పుడూ ఇదే పద్ధతి. నా కాలికి గీత తెలుసు, నా కంటికి తెలియదు. ఆ తేడా ఒకటి ఉందని కూడా నాకప్పుడు తెలియదు.

ఆ మ్యాటు మొయ్యడానికో ఆచారం ఉండేది. జట్టులో అందరికంటే కొత్తగా చేరినవాడు పొద్దున్నే, డ్యూటీ ఎక్కేలోపు, షెడ్డులోంచి దాన్ని మోసుకొచ్చి పరవాలి, సాయంత్రం చుట్టి లోపల పెట్టాలి. మంచు పడితే అది తడిసిన వలంత బరువు. ఇంకొకడు చేరగానే బరువు వాడి భుజానికి మారుతుంది. నేనూ మోశాను, నా తరవాతివాడు వచ్చాక దించేశాను.

మా కంపెనీ జట్టుకి కెప్టెను మా వికెట్ కీపరే. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఫిషింగ్ హార్బర్ వైపు మనిషి, వాళ్ళ నాన్నకి మరబోటు ఉండేది. అప్పటికే రాష్ట్రజట్టులో ఆడుతున్నాడు. ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. ఈ ఊళ్ళో ఆ పిలుపుకి చుట్టరికం అక్కర్లేదు, స్నేహం కూడా అక్కర్లేదు.

ఒక సీజనులో రాష్ట్రజట్టు నుంచి నాకు పిలుపు వచ్చింది. మ్యాచ్ వేరే ఊళ్ళో. పచ్చిక పిచ్. అడుగున మేకులున్న బూట్లు వేసుకోవడం కూడా నాకదే మొదలు, ఎందుకంటే మ్యాటు చిరుగుతుందని మా గ్రౌండులో వాటిని వేసుకోనిచ్చేవారు కారు. ఆట మొదలయ్యే ముందు మా కీపరు వికెట్ల వెనక తను నిలబడే చోట బూటు మేకులతో నేల మీద ఒక గీత గీరుకున్నాడు. మా ఊళ్ళో అతనికి ఆ అవసరం లేదు. మ్యాటు అంచు నుంచి అడుగులు కొలుచుకుని నిలబడేవాడు. ఇక్కడ అంచు లేదు కాబట్టి తన గుర్తు తను పెట్టుకున్నాడు. నేను చూశాను. చూసి, నా పరుగు నేను కొలుచుకోవడానికి పోయాను.

మొదటి బంతి. పరిగెత్తాను, ఎగిరాను, కాలు వేశాను. అడుగున ఏమీ తగల్లేదు. మెత్తగా, ఎక్కడ చూసినా ఒకేలా ఉన్న నేల. అంపైరు నో బాల్ అని చెయ్యి పక్కకు చాచాడు. రెండో బంతికీ చాచాడు. మూడోదానికి నేను పరుగు వెనక నుంచి మొదలుపెట్టాను. కాలు గీతకి చాలా ఇవతల పడింది, బంతి మధ్యలోనే లేచింది, బ్యాట్స్‌మన్ దాన్ని తాడు దాటించాడు. మళ్ళీ ముందుకు జరిగాను. మళ్ళీ చెయ్యి. రోజూ వేసినట్టే వేస్తున్నాను, ఏం మారిందో అంతు పట్టలేదు.

రాష్ట్రజట్టు కెప్టెను, తెలుగులో ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడే మనిషి, నా దగ్గరకు వచ్చాడు.

"ఏం భాయ్, లైన్ కనిపిస్తలేదా? డాక్టర్ని పిలవాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతని మీద నాకు పెద్ద కోపం లేదు. అతను పచ్చిక మీద పుట్టినవాడు, అతనికేం తెలుసు. నాకు కోపం వచ్చింది తరవాతి బంతికి ముందు. కీపరు బంతి తీసుకుని నడుచుకుంటూ వచ్చాడు. గ్లవ్స్‌కి రాసి తుడిచాడు. నా చేతిలో పెట్టాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం. అదే మ్యాటు మీద ఆడినవాడు, అంచు లేదని తెలిసి తన గుర్తు గీసుకున్నవాడు. ఒక్క మాట చాలు. "కాలు సూసుకో బావ" అంటే చాలు. అతను నా మొహం వైపు చూశాడు, ఏమీ అనకుండా వెనక్కి పోయాడు.

ఇంకో ఓవరు వేయించారు. అది మొదటిదానికంటే ఘోరం. తరవాత నన్ను బౌండరీ దగ్గరికి పంపి, ఆ మ్యాచ్‌లో మళ్ళీ బంతి ఇవ్వలేదు. భోజనాల దగ్గర నేను బల్ల చివర కూర్చున్నాను. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కూరగిన్నె నా ముందే ఉంది, అయినా ఇటు అందించమని ఎవరూ అడగలేదు. లేచి వచ్చి, వంగి వడ్డించుకుని వెళ్ళారు. ఓడినవాడు తింటున్నప్పుడు మనుషులు ఎంత మర్యాదగా ఉంటారో ఆ రోజు చూశాను.

ఊరికి తిరిగొచ్చాక గేటు బయట టీ బడ్డీ ఆయన పలకరించాడు.

"బావ, పేపర్లో నీ పేరేసారట."

"ఏటేసారు?"

"ఏటేత్తే ఏటి, పేరైతే ఏసారు గదా. టీ తాగు, డబ్బులొద్దులే."

డబ్బులు ఇచ్చే తాగాను. ఆ బడ్డీలో మళ్ళీ కాలు పెట్టలేదు. ఇప్పుడా బడ్డీ లేదు, ఆయనా లేడు. అయినా నేను ఆ రోడ్డులో అటుపక్క నుంచే నడుస్తాను.

లోపల మా ఫోర్‌మన్ ఇంకో రకం. "గేటు కాడ కూడా గీతుంది, సూసుకోని దాటు నాయనా" అన్నాడు, అందరికీ వినబడేలా. అప్పటి నుంచి బెల్టు దగ్గర ఎవరికి తోస్తే వాళ్ళు చెయ్యి పక్కకు చాచి చూపించేవాళ్ళు. టిఫిను డబ్బా తెరిస్తే చెయ్యి. కుళాయి దగ్గర చెయ్యి. ఒక ఏడాది పైన సాగింది అది. రాష్ట్రజట్టు నన్ను తీసేసింది. మళ్ళీ అందులోకి వెళ్ళకపోతే మధ్యాహ్నం గ్రౌండు కూడా పోతుంది, మూడు షిఫ్టుల్లో బెల్టు దగ్గరే జీవితం. పైగా ఈ చెయ్యి చాచడం రిటైరయ్యేదాకా.

ఇవన్నీ భరించాను. భరించలేనిది ఒక్కటి. ఆ మ్యాచ్ నుంచి తిరిగొచ్చిన వారమే, గ్రౌండుకి వెళ్ళగానే కీపరు షెడ్డు తాళంచెవి నా చేతికిచ్చాడు.

"బావ, రేపట్నించి మేటు నువ్వెత్తు."

"కొత్తోడున్నాడు గదా."

"ఆడికి భుజం నొప్పట."

"నాకు లేదని నీకెవులు సెప్పారు?"

"నీకిప్పుడు బయట మేచ్‌లు నేవు గదా బావ. ఎత్తు."

కొత్తవాడు బూటు తాడు కట్టుకుంటూ తల దించుకున్నాడు. తాడు కట్టడం అయిపోయినా ఎత్తలేదు.

నేను క్రీడల సెక్రటరీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. ఒకసారి దించిన బరువు మళ్ళీ ఎత్తించడం ఈ జట్టులో ఎన్నడూ లేదని, ఇది శిక్ష అయితే ఏ నేరానికో చెప్పాలని రాశాను. మ్యాటు కంపెనీ ఆస్తి అని, దాని సంరక్షణ క్రీడాకారులందరి బాధ్యత అని జవాబు వచ్చింది. అందరి బాధ్యతనీ రోజూ నేనొక్కణ్ణే మోశాను.

చలికాలం తెల్లవారుజామున ఆ గ్రౌండులో ఎవరూ ఉండరు. దూరంగా బొగ్గు దించే క్రేన్ల చప్పుడు, ఓడ కూత, అంతే. నేను వెళ్ళి, మ్యాటు పరిచి, డ్యూటీ వేళయ్యేదాకా ఒక్కణ్ణే బంతులు వేసేవాణ్ణి. ఎదురుగా ఒక్క వికెట్ పుల్ల. వేసిన బంతిని నేనే నడిచి తెచ్చుకోవాలి. ఇంట్లో కూర్చుంటే మొహం చూసి మాట్లాడాల్సి వస్తుందని అంత పొద్దున్నే వచ్చేవాణ్ణి గాని, పట్టుదలతో కాదు. స్ఫూర్తి కథలు రాసేవాళ్ళు ఇక్కడ పట్టుదల అని రాస్తారు.

ఒక పొద్దున్న డబ్బాలో మేకులు తక్కువయ్యాయి. ఎవరో గుడారానికి తీసుకుపోయినట్టున్నారు. ఉన్నవాటితోనే మ్యాటు బిగించేసరికి అది ఎదుటి వికెట్ పుల్ల వైపు జానెడు జరిగిపోయింది. ఎలాగూ ఎవరూ లేరు కదా అని అలాగే వేశాను. కాలు ఎప్పటిలా పడింది, అంచు ఎప్పటిలా తగిలింది. బంతి తెచ్చుకుని వెనక్కి వస్తూ మట్టి మీద నా మడమ గుర్తు చూశాను. నిన్నటి సున్నం గీత కింద ఇంకా కనిపిస్తోంది. నా మడమ దానికి జానెడు అవతల ఉంది. ఇంకో బంతి వేశాను. మళ్ళీ అక్కడే.

మ్యాటు జరిగితే నా కాలూ దానితో జరిగిపోయింది. అక్కడే కూర్చుండిపోయాను. ఆ ఊళ్ళో నాకేం జరిగిందో అప్పుడు తెలిసింది. దానితోపాటే బూటు మేకులతో గీత గీరుకుంటున్న కీపరు కళ్ళ ముందుకొచ్చాడు. సంగతి అర్థమైనందుకు సంతోషించాల్సింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అతనికి తెలుసు. తెలిసీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి అతనితో ఆటకి కావలసిన మాటలు తప్ప మాట్లాడలేదు. పొద్దున్నే మ్యాటు తెచ్చి పక్కన పడేసేవాణ్ణి. ఉత్త మట్టి మీద సున్నంతో గీత వేసుకుని, పరిగెత్తుతూ దాన్ని చూసి, ఆఖరి అడుగులో తల ఎత్తడం నేర్చుకున్నాను. చెప్పినంత తేలిక కాదు. గీత చూస్తే వికెట్ పుల్ల తప్పిపోతుంది, పుల్ల చూస్తే గీత తప్పిపోతుంది. ముందురోజు వేసిన గీత మీద తెల్లారేసరికి బొగ్గుదుమ్ము పడి నల్లబడిపోయేది. రోజూ మళ్ళీ వేసుకోవాలి. ప్రతి బంతికీ వెనక్కి వచ్చి, వంగి, మడమ గుర్తు చూసుకుని, కాలితో చెరిపేసి, మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఇతరులు వచ్చే వేళకి మ్యాటు పరిచేసి ఉండేది. ఒక చలికాలం, ఒక ఎండాకాలం, మళ్ళీ ఒక చలికాలం గడిచాయి. నేనేం చేస్తున్నానో ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ చెప్పలేదు.

తరవాత రాష్ట్రజట్టులో ఒకరికి చీలమండ బెణికింది. మ్యాచ్ మా ఊళ్ళోనే. బయటి నుంచి మనిషిని రప్పించే వ్యవధి లేక నన్ను పిలిచారు. ఇది నా ప్రతిభకి గుర్తింపు అని తరవాత ఒకాయన ఉపన్యాసంలో అన్నాడు. కాదు, బెణికిన చీలమండకి గుర్తింపు.

మళ్ళీ పచ్చిక. మళ్ళీ అదే కీపరు, మళ్ళీ బూటుతో గీత. ఈసారి నేనూ వెళ్ళి, నా పరుగు మొదలయ్యే చోట, ఆఖరి అడుగుకి ముందటి అడుగు పడే చోట బూటుతో రెండు గాట్లు పెట్టుకున్నాను. అతను చూస్తున్నాడని తెలుసు. చూడనీ అనుకున్నాను.

మొదటి బంతికి పరిగెత్తుతున్నప్పుడు నా చెవుల్లో నా ఊపిరి తప్ప ఏమీ లేదు. గీత చూశాను, తల ఎత్తాను, వదిలాను. అంపైరు వైపు తిరిగాను. చెయ్యి కదల్లేదు. ఆ బంతి వికెట్లకి దూరంగా పోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. నాకు మాత్రం అలాంటి బంతి మళ్ళీ పడలేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక బంతి బయటికి వంగడం మొదలుపెట్టింది. ఆ ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు. రెండు క్యాచ్‌లు పట్టింది కీపరే. పట్టిన ప్రతిసారీ పరిగెత్తుకొచ్చి వీపు మీద చరిచాడు. నేను బంతి అడిగి తీసుకున్నాను.

ఆ సాయంత్రం అందరూ వ్యానెక్కి బీచి రోడ్డులో భోజనానికి వెళ్ళారు. "అందరూ రండి" అన్నారు. నన్ను రమ్మనలేదు. ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమో అని బూట్లు విప్పడంలో కొంచెం ఆలస్యం చేశాను. వ్యాను వెళ్ళిపోయింది. బ్యాగు భుజాన వేసుకుని సిటీబస్సెక్కాను. కండక్టరు బ్యాగు ఒళ్ళో పెట్టుకోమన్నాడు. ఆ రోజు నాతో మాట్లాడిన ఆఖరి మనిషి అతనే.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆడాను. బెల్టు దగ్గర చెయ్యి చాచడం ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరూ ప్రకటించలేదు. మ్యాటు కూడా ఒక రోజు ఇంకెవరో ఎత్తుకెళ్ళారు. తప్పు జరిగిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఈ ఏడాది ఎండలు ముదిరాక, కీపరుకి రెండు మోకాళ్ళూ ఆపరేషనయ్యాయని తెలిసింది. జీవితమంతా వికెట్ల వెనక గొంతుకూర్చున్న మోకాళ్ళు. బత్తాయిలు తీసుకుని వెళ్ళాను. పరామర్శకే వెళ్ళానని చెబితే అబద్ధం. ఒక ప్రశ్న అడగాలని వెళ్ళాను.

ఫిషింగ్ హార్బర్‌కి ఎగువన సందులో ఇల్లు. వాళ్ళావిడ "రా అన్నియ్యా" అని తలుపు తీసింది. అతను కాళ్ళు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"ఒసే, ఈ బావెవులో తెల్సా నీకు? మొదటి మేచ్‌లోనే ఆరు వికెట్లు తీసీసినాడు. మనూర్లోనే. రెండు కేచ్‌లు నాయే."

"అది మొదటిది కాదు" అన్నాను.

"మరేటి?"

చెప్పాను. ఊరు, పచ్చిక, అంపైరు చెయ్యి, డాక్టర్ని పిలవాల్నా అన్న మాట, కూరగిన్నె. అతను కళ్ళు చికిలించి విన్నాడు, ఎవరి సంగతో వింటున్నట్టు.

"అలగా? ఆ మేచ్‌లో నానున్నానా?"

"నువ్వే కీపరువి. బూటుతో నేల మీద గీత గీసుకున్నావు."

"కీపర్లందరూ గీసుకుంతారు బావ."

"అంచు నేదని నీకు తెల్సు. నాకెందుకు సెప్పనేదు?"

అతను నుదురు రుద్దుకుంటూ గుర్తు తెచ్చుకోబోయాడు. నిజంగానే వెతుకుతున్నాడు, మొహంలో కనిపించింది. "నాకు గేపకం నేదు బావ" అన్నాడు. మళ్ళీ నవ్వి, "అయినా సెప్పుంటే నువ్వినీవోడివా? బౌలింగులో జోక్యం సేసుకున్నానని సెక్రట్రీకి కాయితం ఎట్టీవోడివి" అన్నాడు.

వాళ్ళావిడ నవ్వింది. నేను నవ్వలేదు. మ్యాటు సంగతి అడుగుదామనుకున్నాను. అది కూడా గుర్తు లేదంటే ఇంక నా దగ్గర ఏం మిగులుతుంది? టీ తాగాను. రాష్ట్రజట్టు కెప్టెను పోయాడని, ఆ కొత్తవాడు పరవాడలో ఇల్లు కట్టుకున్నాడని చెప్పాడు. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో ఆ మ్యాచ్ గుర్తున్నవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. నా కోపం సరైనదేనని సాక్ష్యం చెప్పడానికి కూడా మనిషి లేడు.

వస్తానని లేచాను. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పీచుపట్టా ఉంది. బయట వెలుతురు కళ్ళలో కొట్టింది. చెప్పులేసుకుని అడుగు ఎత్తాను. ఎప్పటిలాగే, కిందకి చూడకుండా.

లోపలి నుంచి అతని గొంతు వినిపించింది, వికెట్ల వెనక నుంచి అరిచే ఆ పాత గొంతే.

"బావ, కాలు సూసుకో. మెట్టుంది."

నేను ఆగాను. వెనక్కి తిరగలేదు. కిందకి చూసి, మడమ ఎక్కడుందో చూసుకుని, నెమ్మదిగా దిగాను.